అలకపాన్పు దిగని సైలెన్సర్ అల్లుడు గారికి

కాకినాడ నుంచి మీ మామగారు రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు వరండాలో తుప్పు రాలుస్తున్నారని పొద్దున్నే ఊడ్చడానికి వెళ్లిన మా ఆవిడ చెప్పింది. బుల్లెట్‌ని కన్నకూతురిలా పెంచుకున్నవాణ్ణి. దాన్ని కట్టుకున్నారు గనక మీరు అల్లుడు. గోదావరి జిల్లాల్లో అల్లుడికి జరిగే మర్యాదలు తెలియనివారు కారు. ఆరేళ్లుగా ఏటా సంక్రాంతికి కొత్త బట్టలు పెట్టాను. ఒక్క జతయినా ఎండాకాలం దాకా ఒంటి మీద ఉండనిచ్చారా?

వచ్చినప్పుడు క్రోమ్ పూతతో వచ్చారు. వీధిలో కుర్రాళ్లు మీ ముందు వంగి క్రాపు దువ్వుకునేవారు. ఆ నిగనిగంతా అర మైక్రాన్ మందం కూడా ఉండదని, అసలు కాపలా కాసేది దాని కిందున్న నికెల్ అని ప్లేటింగ్ షాపులో చెబితే నేను నమ్మలేదు. వెంట్రుకలో వందో వంతు లేని దర్జాకి ఇంత పొగరా అనుకున్నాను. ఆ పొరలో కంటికి ఆనని పగుళ్లుంటాయట, ఉప్పు అందులోంచి దూరుతుందట. మాదా, ఉప్పాడ బీచ్ రోడ్డులో వెళ్తుంటే కెరటమే లేచొచ్చి బండి కడిగే ఊరు. రెండో వానాకాలానికి మీ ఒంటి నిండా గోధుమరంగు చుక్కలు. ఇంజన్ నుంచి మీ దాకా వచ్చే బెండు పైపయితే నీలం తిరిగింది. కమ్మరి ఉలికి పదను పెట్టేటప్పుడు 230 డిగ్రీల దగ్గర గడ్డిరంగు, 300 దగ్గర నీలం కనపడుతుందంటారు చూడండి, ఆ బాపతే. కార్బొరేటర్‌లో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే ఇంకా తొందరగా వస్తుందని మెకానిక్ అన్నాడు. నేను మాత్రం అలకే అనుకున్నాను.

మొదటి జత సిల్వర్ పెయింట్. గేటుకి వేయగా డబ్బాలో మిగిలింది. తప్పే, ఒప్పుకుంటున్నాను. అల్లుడికి మిగిలిన గుడ్డ పెడితే ఏ మామకైనా జరిగేదే నాకూ జరిగింది. పిఠాపురం వెళ్లొచ్చేలోపు పొగ, కంపు, మసి.

మరుసటి ఏడు పశ్చాత్తాపంతో 600 డిగ్రీలని అచ్చేసిన స్ప్రే డబ్బా తెచ్చాను. మన ఇళ్లలో ఇనుము కనపడితే ముందు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టాలనేది తాతల నాటి ఆచారం కదా. కొట్టాను. దాని మీద స్ప్రే, చాలదేమోనని ఇంకో రెండు కోట్లు దట్టంగా. మొదటి కిక్కుకి ఏం కాలేదు. పావుగంటకి మీ వీపంతా నూనెలో వేసిన అప్పడంలా పొంగింది. 600 తట్టుకునేది పైన డబ్బాలోది. కింద నేను పూసిన రెడ్ ఆక్సైడ్‌కి ఆ సంగతి ఎవరు చెప్పారు?

మూడో ఏడు బుద్ధిగా చేశాను. శాండ్ బ్లాస్టింగ్ కొట్టించి, తెల్లటి ఇనుము తేలాక థిన్నర్‌తో తుడిచి, వేలిముద్ర పడకుండా పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు గుడ్డలో పట్టుకొచ్చి, పల్చగా మూడు కోట్లు కొట్టాను. ప్రైమర్ లేదు, పుట్టీ లేదు. డబ్బా వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉన్నది అప్పుడే చదివాను. ఈ రంగు ఆరితే చాలదు, కాలాలి. అందులో ఉన్నది సిలికోన్ రెసిన్. వేడి మీద అది ఉడికి ఇనుముని కరుచుకునేదాకా గోరుతో గీకినా లేచొస్తుంది, పెట్రోలు చుక్క పడినా కరిగిపోతుంది. అందుకని వాకిట్లో బండి పెట్టి, ఇంజన్ మాడకుండా ముందు టేబుల్ ఫ్యాను పెట్టి, పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచడం, పూర్తిగా చల్లారనివ్వడం, మళ్లీ ఇరవై నిమిషాలు. ఎదురింటి పిన్నిగారు ‘బండికి వడదెబ్బ తగిలిందా బాబూ’ అని మజ్జిగ కూడా పంపించారు. మొదటి విడత అయ్యాక నేను భోజనానికి లేచాను. ఆ సందులో మా బావమరిది బండి తీసుకెళ్లి ట్యాంకు నింపించుకొచ్చాడు, పొర్లేదాకా. మిగతాది మీకు తెలుసు. చార కుడిపక్క కిందికంటా ఉండేది.

నాలుగో ఏడు కొట్టించిన పౌడర్ కోటింగ్ గురించి ఒక్క ముక్క. అది ఓవెన్‌లో గట్టిపడేదే 200 డిగ్రీల లోపు. గట్టిగా తోలితే మీ బెండు పైపు 400 అందుకోగలదు. కిటికీ ఊచల బట్ట మీకు కుట్టించానన్నమాట. ఆ తర్వాతేడు కట్టిన గ్లాస్ ఫైబర్ పట్టీ అయితే వానకి నానిన గాయం కట్టులా తడి వదలకుండా కూర్చుని, లోపల పుండు చేసింది.

చివరికి ఈ ఏడు పట్టుబట్టలే పెడదామని సిరామిక్ కోటింగ్‌కి పట్టుకెళ్లాను. పల్చటి పూతే అయినా బెండు పైపు వేడిని లెక్కచేయదు, ఉప్పుగాలికీ తొందరగా లొంగదు. దీనికి తగ్గట్టే ఖరీదు. ఆ పెద్దమనిషి మిమ్మల్ని చేతిలోకి తీసుకుని ఒకసారి ఊపాడు. లోపల గలగలమంది. స్క్రూడ్రైవర్‌తో అడుగున పొడిచాడు. దిగిపోయింది.

‘కింద చిన్న కన్నం ఉండాలి కదండీ, ఏదీ?’

‘తుప్పు కన్నమనుకుని నేనే గ్యాస్ వెల్డింగ్ పెట్టించి మూయించానండి.’

ఆయన కాసేపు నా మొహంకేసి చూశాడు. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరై మీలోంచే పోతుందట. దూరం తోలితే వేడికి బయటికి పోతుంది. నాలాగ భానుగుడి దాకా వెళ్లి కూరలు తెచ్చుకునేవాడి బండిలో మీరు పూర్తిగా కాగేలోపే ప్రయాణం అయిపోతుంది, ఆవిరి చల్లబడి నీరై అడుగున చేరుతుంది. కారిపోవడానికే ఆ కన్నం. పైన కరకరలాడుతూ లోపల పాకం పట్టి ఉండే మా ఊరి గొట్టం కాజాలా, ఆరేళ్లు మిమ్మల్ని నింపి ఉంచాను. మీద ఎన్ని బట్టలు మార్చినా లోపల జలోదరం.

కాబట్టి అల్లుడు గారూ, రేపు పాత ఇనుము కొట్టువాడు వస్తాడు. కాటా దగ్గర బేరం ఆడనని మాటిస్తున్నాను. మీ స్థానంలో వస్తున్నాయన ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాడు. బండికి బిగించేలోపే, నూనె, మసి అంటకముందే కోటింగ్‌కి పంపిస్తున్నాను. కన్నం ముందు చూసుకున్నాను, అగ్గిపుల్ల పెట్టి మరీ.

ఇట్లు,
మీ మామగారు

తా.క.: ఆరేళ్ల కిందట బండి దిగుతూ ఆనించుకున్నప్పుడు నా కుడి పిక్క మీద మీరు పెట్టిన వాత ఎండకీ వానకీ ఉప్పుగాలికీ ఇప్పటిదాకా చెక్కుచెదరలేదు. దాని కింద ప్రైమర్ ఏం వాడారో, వెళ్లేలోపు కాస్త చెప్పి వెళ్లగలరు.