కడుపుతో ఉన్న చేపా, ఒక్క ఫొటో!

స్కాట్లాండ్‌లో ట్వీడ్ నది మీద సాల్మన్ చేపలకి గేలం వేసే సీజన్ నవంబర్ 30తో ముగుస్తుంది. ఆ చివరి వారం నడుం లోతు నీళ్ళలో నిలబడే మనుషుల గురించి లోకంలో చాలా అపోహలున్నాయి. పనీపాటా లేనివాళ్ళనీ, డబ్బు ఎక్కువైనవాళ్ళనీ, ఇంట్లో పడనివాళ్ళనీ. మూడోది కొంతవరకు నిజమే. మిగతా రెండిటినీ ఖండించడం నా బాధ్యత, ఎందుకంటే మొన్న వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ముందు వాళ్ళ కష్టం చూడండి. స్పే నది సెప్టెంబర్ 30కి మూసేస్తారు. టే నది అక్టోబర్ 15కి. అప్పటికి బోణీ కానివాళ్ళు, అంటే దాదాపు అందరూ, గేలపు కర్రలూ, ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంట్లూ, ఒక విస్కీ సీసా కారులో పడేసుకుని దక్షిణానికి దిగి ట్వీడ్ చేరతారు. చేపల వలస మీద బోలెడు పరిశోధన జరిగింది గానీ ఈ మనుషులకి ట్యాగులేసి చూసినవాడు ఒక్కడూ లేడు.

ఇక చేప సంగతి. సాల్మన్ సముద్రం వదిలి నదిలోకి వచ్చాక తిండి మానేస్తుంది. గుడ్లు పెట్టేదాకా కటిక ఉపవాసం. అలాంటి ప్రాణి ముందు మనవాడు ఏం పెడతాడయ్యా అంటే, నారింజ రంగు వేసిన జంతువు వెంట్రుకలకి తళుకులు చేర్చి కొక్కేనికి కట్టిన ఒక వస్తువు. దాన్ని ఫ్లై అంటారు, ఏ ఈగకీ దాంతో పోలిక లేదు. కాస్కేడ్, అల్లీస్ ష్రింప్, విల్లీ గన్ అని వాటికి పేర్లు కూడా. తిననని ఒట్టేసుకున్న చేప దాన్ని ఎందుకు కరుస్తుందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఆకలి ఎలాగూ కాదు కాబట్టి చిరాకే అయ్యుంటుందని చాలామంది అంటారు. అంటే రోజుకి ఇంత అని డబ్బు కట్టి, ఒక జీవికి చిరాకు తెప్పించగలనా లేదా అని పరీక్షించుకోవడం అన్నమాట. ఇంట్లో ఉచితంగా చెయ్యగలిగిన పనే, కానీ ఇంట్లో పదిహేను అడుగుల కర్ర తిప్పనివ్వరు.

పక్కన గిల్లీ ఉంటాడు. మన గిల్లుడుకీ ఆయనకీ సంబంధం లేదు. ఏ రాయి వెనకాల చేప ఆగుతుందో తెలిసిన మనిషి, అది మనకి చూపించడం ఆయన ఉద్యోగం. "పోయిన వారం రావాల్సిందండీ" అన్నాడు. పోయిన వారం కూడా వచ్చానని చెప్పాను. కాసేపు నీళ్ళ వంక చూసి, "అయితే ఏ రోజొచ్చారు?" అని అడిగాడు. మంగళవారం. "అదీ! బుధవారం రావాల్సింది."

ఇంత నమ్మకం ఎక్కణ్ణించి వచ్చిందంటే, 1922 అక్టోబర్ 7 నుంచి. ఆ రోజు టే నదిలో జార్జినా బాలంటైన్ అనే ఆవిడ వాళ్ళ నాన్నతో పడవలో వెళ్ళి 64 పౌండ్ల సాల్మన్‌ని పట్టింది. 29 కిలోలు. వందేళ్ళు దాటినా బ్రిటన్‌లో గేలానికి పడ్డ సాల్మన్ రికార్డు ఇప్పటికీ ఆవిడదే. సీజన్ ముగియడానికి ఎనిమిది రోజుల ముందు పట్టింది చూశారూ, అక్కడే మా కొంపలు ముంచింది. ఆవిడే గనక అది ఏ జూన్‌లోనో పట్టి ఉంటే ఎంతమంది మగాళ్ళు శరదృతువులో ఇంటిపట్టున ఉండేవాళ్ళో.

సీ ట్రౌట్‌ది ఇంకో కథ. ఊళ్ళో ఏట్లో ఉండే ట్రౌటే, సముద్రానికెళ్ళి నాలుగు రాళ్ళు వెనకేసుకుని తిరిగొచ్చింది. స్కాట్లాండ్ చట్టంలో సాల్మన్ అనే మాటకి అర్థం చెప్పినచోట ఈ సీ ట్రౌట్‌ని కూడా కలిపేశారు. ఒక చేపని ఇంకో చేపగా ఒప్పుకున్న చట్టానికి, "దాదాపు పట్టేశాను" అన్నవాణ్ణి పట్టినవాడిగా ఒప్పుకోవడానికి ఏం అడ్డం? ఈ విషయం మీద మేం ధర్నాకైనా సిద్ధం.

నాకు మాత్రం నిజంగానే పడింది. కోల్డ్‌స్ట్రీమ్ దగ్గర, అవతలి ఒడ్డు ఇంగ్లండ్. గేలం విసరడం, ఒక అడుగు కిందికి, మళ్ళీ విసరడం, మళ్ళీ ఒక అడుగు, ఇలా పొద్దుట్నించీ నడుస్తుంటే మధ్యాహ్నం రెండింటికి దారం బరువెక్కింది. ఆడ చేప. వెండి రంగు ఎప్పుడో పోయి తోమని రాగి చెంబులా ఉంది, పొట్ట నిండుగా, మెత్తగా. గిల్లీ దాన్ని నీళ్ళలోంచి పైకెత్తనివ్వలేదు. కొక్కెం తీశాడు, ఫొటో తీశాడు, తోక మొదలు నా గుప్పిట్లో పెట్టి, తల ప్రవాహానికి ఎదురుగా ఉంచమన్నాడు. వేళ్ళు ఉన్నాయో ఊడిపోయాయో తెలియని చలి. దాని దవడ మెల్లిగా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. రెండు నిమిషాల తర్వాత ఒక్క విదిలింపు, నా మొహం నిండా నీళ్ళు.

కాన్పుకెళ్తున్న మనిషిని ఆసుపత్రి గుమ్మంలో ఆపి, కాసేపు అటూ ఇటూ లాగి, ఫొటో దిగి, "ఆల్ ద బెస్టమ్మా" అని పంపించడాన్ని సంరక్షణ అంటారు. నవ్వకండి. అట్లాంటిక్ సాల్మన్ బ్రిటన్‌లో అంతరించే ప్రమాదంలో ఉందని 2023లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ప్రకటించింది. స్కాట్లాండ్‌లో గేలానికి పడే సాల్మన్లలో పదింటికి తొమ్మిదికి పైగా వదిలేస్తున్నారు. అమ్ముకోవడం ఎలాగూ నేరం.

సాయంత్రం రాజమండ్రిలో ఉన్న బాబాయికి ఫొటో పంపాను. వెంటనే ఫోన్.

"ఎన్ని కేజీల్రా?"

"నాలుగుంటుంది బాబాయ్."

"పులుసా, వేపుడా?"

"వదిలేశాను."

గోదావరి అవతలి ఒడ్డు దాకా నిశ్శబ్దం. "డబ్బులిచ్చి చేపని చూసొచ్చావన్నమాట. ఆ ఊళ్ళో అక్వేరియం లేదా?"

బాబాయికి ఆ మాట అనే హక్కుందో లేదో నాకు అనుమానమే. పులస కూడా ఇలాగే గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి గోదావరి ఎర్రనీటికి ఎదురీదుకుంటూ వస్తుంది, మనం పుస్తెలమ్మైనా దాన్ని తినాలంటాం. ఇక్కడివాళ్ళు విసిగించి వదిలేస్తారు, మనం చింతపండు పిసుకుతాం. ఆ రెండిట్లో ఏది మర్యాదో చేపనే అడగాలి. ఇంటికొచ్చే దారిలో సూపర్ మార్కెట్లో ఆగి రెండు సాల్మన్ ముక్కలు కొన్నాను. అవి వలల గూళ్ళలో పెరిగినవి, నది మొహం ఎరగవు.

సీజన్ ఆఖరి రోజైన నవంబర్ 30 సెయింట్ ఆండ్రూ పండగ. ఆయన స్కాట్లాండ్‌కి ఇలవేల్పు లాంటివాడు, వృత్తిరీత్యా చేపలు పట్టేవాడు. ఇంతకన్నా మంచి ముహూర్తం ఏముంది? తీరా 2025లో అది ఆదివారమైంది. స్కాట్లాండ్‌లో ఆదివారం సాల్మన్‌కి గేలం వెయ్యడం చట్టరీత్యా నేరం. కాబట్టి సీజన్ శనివారమే అయిపోయింది, ఆదివారం నేను వంతెన మీద ఖాళీ చేతులతో నిలబడ్డాను. మళ్ళీ నది తెరిచేది ఫిబ్రవరి 1న. క్యాలెండర్ తిరగేసి చూశాను. అదీ ఆదివారమే.