న్యూరోఫీడ్‌బ్యాక్: బాగుపడటం నిజమే, కారణం దగ్గరే పేచీ

మందులు లేవు, సూదులు లేవు, సైడ్ ఎఫెక్ట్స్ లేవు. మెదడు తరంగాలను మనిషే మార్చుకునేలా తర్ఫీదు ఇచ్చే న్యూరోఫీడ్‌బ్యాక్ ప్రకటనల్లో ముందుగా కనిపించే మాటలివే. ఆ తర్వాత జాబితా మొదలవుతుంది: పిల్లల్లో ఏకాగ్రత లోపం, నిద్రలేమి, టెన్షన్, డిప్రెషన్, మైగ్రేన్, మతిమరుపు. ఏ జబ్బూ లేనివాళ్లకైతే 'మెదడు ఆరోగ్యం' అనే ఇంకో వల ఉండనే ఉంది. ఇన్నింటికీ ఒకే చికిత్స అని ఎవరు చెప్పినా అనుమానం రావాల్సిందే. అలాగని బూటకమని ఒక్క మాటతో తీసిపారేయడానికీ వీల్లేదు. దీని వెనక అరవై ఏళ్ల పరిశోధన ఉంది. బాగుపడ్డామని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నా పేచీ అంతా ఒక్కచోటే. మెదడు తరంగాలను సరిచేయడం వల్లే వాళ్లు బాగుపడ్డారని అంటున్నారు చూశారా, ఆ మాటకు సాక్ష్యం చాలా పల్చగా ఉంది.

ముందు ఆ గదిలో ఏం జరుగుతుందో చూద్దాం. తల మీద పేస్టు రాసి కొన్ని సెన్సర్లు అంటిస్తారు. మెదడు కణాల్లో పుట్టే విద్యుత్ సంకేతాలు పుర్రె దాటి చర్మం దాకా వచ్చేసరికి వోల్టులో పది లక్షల వంతుల స్థాయికి చిక్కిపోతాయి. కంప్యూటర్ వాటిని పెద్దవి చేసి, వేగాన్ని బట్టి విడగొడుతుంది. సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగేవి తీటా, 8 నుంచి 12 ఆల్ఫా, 13 నుంచి 30 దాకా బీటా. పిల్లవాడి ఎదురుగా స్క్రీన్ మీద ఒక విమానం బొమ్మ ఉంటుందనుకోండి. తీటా తగ్గి బీటా పెరిగితే అది ముందుకు ఎగురుతుంది, లేకపోతే ఆగిపోతుంది. ఎలా ఎగరేయాలో ఎవరూ చెప్పరు, చెప్పలేరు కూడా. వాడే ఏదో ఒకటి చేసి పట్టుకోవాలి. అరగంట నుంచి ముప్పావుగంట చొప్పున, ముప్పై నలభై సెషన్లు. మామూలు న్యూరోఫీడ్‌బ్యాక్‌లో యంత్రం కొలుస్తుందే తప్ప మెదడులోకి కరెంటు పంపదు. అయితే ఇదే పేరుతో అతి స్వల్పమైన విద్యుదయస్కాంత సంకేతాలు పంపే పరికరాలూ వాడకంలో ఉన్నాయి కాబట్టి, కూర్చునే ముందే ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.

మనిషి మెదడు తరంగాలను తొలిసారి నమోదు చేసినవాడు జర్మనీ మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్, 1924లో. ఆల్ఫా తరంగాలను మనిషి తన ఇష్టంతో పెంచుకోగలడని 1960లలో అమెరికా పరిశోధకుడు జో కామియా చూపించారు. కానీ ఈ రంగానికి అసలు బలం ఇచ్చింది మనుషులు కాదు, పిల్లులు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్‌లో పరిశోధకుడు బ్యారీ స్టెర్మన్ పిల్లులకు తిండి ఆశ చూపి సెకనుకు 12 నుంచి 15 సార్లు ఊగే ఒక లయను పెంచుకోవడం నేర్పారు. ఆ తర్వాత రాకెట్ ఇంధనంగా వాడే మోనోమిథైల్ హైడ్రజీన్ విషప్రభావాన్ని పరీక్షించే పని ఆయన చేతికి వచ్చింది. ఆ రసాయనం ఎక్కిస్తే మూర్ఛ వస్తుంది. ఈ తర్ఫీదు పొందిన పిల్లులు మాత్రం మిగతావాటికన్నా ఎక్కువసేపు దాన్ని తట్టుకున్నాయి. 1972లో ఆయన బృందం ఇదే పద్ధతితో ఒక మూర్ఛ రోగికి ఫిట్స్ తగ్గాయని ప్రచురించింది. న్యూరోఫీడ్‌బ్యాక్‌ను సమర్థించేవాళ్లు ఇప్పటికీ ఈ పిల్లుల కథే ముందు చెబుతారు. చెప్పాల్సిందే మరి, నమ్మకంతో బాగుపడ్డాయని పిల్లుల మీద ఎవరూ నింద వేయలేరు కదా.

మెదడు లయను సాధనతో మార్చుకోవచ్చని ఆ ప్రయోగం చెప్పింది. దాని మీద పెద్దగా తగాదా లేదు. ఆ మార్పు వల్ల క్లాసులో కుదురుగా కూర్చోలేని ఎనిమిదేళ్ల పిల్లవాడు మారతాడా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. 1976లో అమెరికా మనస్తత్వవేత్త జోయెల్ లూబార్ ఒక అతిచురుకు పిల్లవాడి మీద ఈ పద్ధతి ప్రయత్నించిన ఫలితం ప్రచురించాక, ఏకాగ్రత లోపం, అతిచురుకు కలిసిన ఏడీహెచ్‌డీయే దీనికి ముఖ్యమైన బజారు అయింది. 2009లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ ఏకాగ్రత మీద మంచి ప్రభావం ఉందని తేల్చింది. క్లినిక్‌ల గోడల మీద ఆ ఫలితం ఇప్పటికీ వేలాడుతూ ఉంటుంది.

అయితే ఆ మార్కులు వేసినవాళ్లు ఎక్కువగా తల్లిదండ్రులు. పిల్లవాణ్ని నెలల తరబడి తిప్పి, డబ్బు కట్టి, బయట వరండాలో కాచుకుని కూర్చున్న తల్లిని 'ఏమైనా మార్పు కనిపించిందా అమ్మా' అని అడిగితే ఆమె ఏం చెబుతుంది? అందులో మోసం లేదు, ఆశ ఉంది. 2013లో మరో అంతర్జాతీయ బృందం ఇలాంటి అధ్యయనాలనే మళ్లీ తిరగేసింది. చికిత్స జరుగుతోందో లేదో సరిగా తెలియని వాళ్లు వేసిన మార్కులను మాత్రమే విడిగా లెక్కగట్టింది. అలా చూసేసరికి న్యూరోఫీడ్‌బ్యాక్ ప్రభావం కుంచించుకుపోయి, గణాంకాల ప్రకారం నిలబడలేదు.

దీన్ని తేల్చడానికే అమెరికాలో రెండు కేంద్రాల్లో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. 7 నుంచి 10 ఏళ్ల మధ్య ఉన్న 144 మంది ఏడీహెచ్‌డీ పిల్లలను తీసుకున్నారు. అది కూడా తీటా, బీటా నిష్పత్తి బాగా ఎక్కువగా ఉన్నవాళ్లనే, అంటే సిద్ధాంతం ప్రకారం ఈ చికిత్స ఎవరికి తప్పకుండా పనిచేయాలో వాళ్లనే ఏరారు. కొందరికి అసలు న్యూరోఫీడ్‌బ్యాక్, మిగతావాళ్లకు ఉత్తుత్తిది. అదే కుర్చీ, అదే ఆట, అన్నే సెషన్లు. తేడా ఒక్కటే, రెండో గుంపులో ఆటను నడిపింది ఆ పిల్లల సొంత తీటా, బీటా కాదు. ఎవరికి ఏది అందుతోందో పిల్లలకూ తల్లిదండ్రులకూ టీచర్లకూ తెలియదు. చివరికి రెండు గుంపులూ బాగుపడ్డాయి, అదీ గణనీయంగా. రెండింటి మధ్య ఏకాగ్రతలో మాత్రం తేడా లేదు. చికిత్స ముగిసిన రోజునా లేదు, 13 నెలల తర్వాతా లేదు.

నన్ను ఆలోచనలో పడేసింది తేడా లేకపోవడం కాదు, ఉత్తుత్తి ఆట ఆడిన పిల్లలు కూడా అంతగా బాగుపడటం. వారానికి కొన్నిసార్లు ఒక పిల్లవాడు నిశ్శబ్దంగా ఒకచోట కుదురుగా కూర్చుంటున్నాడు. ఒక పెద్దమనిషి ఓపికగా పక్కన ఉండి వాడి ప్రయత్నాన్ని గమనిస్తున్నాడు, మెచ్చుకుంటున్నాడు. ఇంట్లోవాళ్లు తిట్టడం తగ్గించి మార్పు కోసం చూస్తున్నారు. పైగా వయసు పెరుగుతోంది. సమస్య ముదిరినప్పుడే జనం చికిత్సకు వస్తారు కాబట్టి, ఏమీ చేయకపోయినా కొంత తగ్గే అవకాశం ఎలాగూ ఉంటుంది. ఇన్ని కలిశాక తరంగాల వాటా ఎంత అని వెతికితే, ఈ ప్రయోగంలో ఏకాగ్రత విషయంలో అది దొరకలేదు.

నిద్రలేమిదీ ఇదే కథ. 2017లో 'బ్రెయిన్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో అసలు తర్ఫీదూ ఉత్తుత్తి తర్ఫీదూ ఒకే మనిషికి వేర్వేరు కాలాల్లో ఇచ్చి చూశారు. నిద్ర బాగుపడిందని వాళ్లకు అనిపించడంలో రెండింటికీ తేడా రాలేదు. 2024 డిసెంబరులో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రిక 38 ప్రయోగాలను, దాదాపు 2,500 మంది వివరాలను కలిపి చూసిన విశ్లేషణను ప్రచురించింది. ఏడీహెచ్‌డీ లక్షణాల మీద న్యూరోఫీడ్‌బ్యాక్‌కు చెప్పుకోదగ్గ ప్రయోజనం లేదన్నది దాని సారాంశం. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అయితే 2019 మార్గదర్శకాల్లోనే దీన్ని సిఫారసు చేయడానికి ఆధారాలు చాలని పద్ధతుల సరసన పెట్టింది.

సమర్థకుల వాదన కూడా వినాలి. అందరికీ ఒకే తీటా, బీటా సూత్రం పెడితే ఎలా, మనిషిని బట్టి మార్చాలి అంటారు. మరోవైపు, చాలాకాలంగా స్థిరపడిన ప్రామాణిక పద్ధతులను మాత్రమే లెక్కిస్తే కొద్దిపాటి ప్రయోజనం కనిపిస్తోందని పైన చెప్పిన 2024 విశ్లేషణే ఒప్పుకుంది. 144 మంది పిల్లల ప్రయోగంలోనూ 13 నెలల తర్వాత అసలు న్యూరోఫీడ్‌బ్యాక్ గుంపుకు మందుల అవసరం తక్కువగా ఉంది. ఇవి కొట్టిపారేసే విషయాలు కావు. కానీ వీటిని పట్టుకుని ఇంకో ప్రయోగం చేయమని అడగవచ్చు గానీ, ప్యాకేజీ అమ్మకూడదు.

'కారణం ఏదైతేనేం, బాగైతే చాలదా?' అని అడిగేవాళ్లుంటారు. పరిశోధకుల్లోనే కొందరు ఈ మాట బాహాటంగా అన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పనిచేస్తున్నది ఓపికా శ్రద్ధా క్రమశిక్షణా అయితే, అంత ఖరీదైన యంత్రం దేనికి? రంగురంగుల బ్రెయిన్ మ్యాప్ దేనికి? పేచీలో అసలు బరువు ఆ మ్యాప్ దగ్గరే ఉంది. తలకు టోపీ తొడిగి తరంగాలు తీసి, కంప్యూటర్‌లో ఉన్న సగటు మనుషుల లెక్కలతో పోల్చి, తేడా ఉన్నచోట ఎర్ర రంగు వేస్తారు. దవడ బిగించినా, కనురెప్ప కొట్టినా, ఆ రోజు నిద్ర చాలకపోయినా ఆ బొమ్మ మారిపోతుంది. వాటిని జాగ్రత్తగా వడకట్టకపోతే మెదడుది కాని సంకేతం మెదడు ఖాతాలో పడుతుంది. తన మెదడులో ఎర్ర మచ్చ చూసిన మనిషి ఇక ప్రశ్నలు అడగడు. మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2013లో తీటా, బీటా నిష్పత్తి కొలిచే ఒక పరికరాన్ని ఏడీహెచ్‌డీ నిర్ధారణలో సాయంగా వాడటానికి అనుమతించింది. 2016లో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ మాత్రం, మామూలు వైద్య పరీక్షకు బదులుగా ఈ నిష్పత్తిని వాడొద్దని స్పష్టంగా చెప్పింది.

ఎఫ్‌డీఏ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. న్యూరోఫీడ్‌బ్యాక్ కూడా ఒక రకం బయోఫీడ్‌బ్యాకే, అంటే ఒంటి సంకేతాలను కొలిచి మనిషికే చూపించడం. చాలా బయోఫీడ్‌బ్యాక్ యంత్రాలు విశ్రాంతికీ మనసు తేలికపడటానికీ ఉద్దేశించిన పరికరాలుగానే అక్కడి మార్కెట్లో ఉన్నాయి. ఫలానా జబ్బును నయం చేస్తుందని తేల్చి ఇచ్చిన ముద్ర అది కాదు. ప్రకటనలో ఈ రెండూ ఒకటైపోతాయి.

ఇక భద్రత. తలనొప్పి, అలసట, చిరాకు, నిద్ర చెదరడం, సెన్సర్లు అంటించిన చోట చర్మం ఎర్రబడటం వంటివి వస్తుంటాయి. ఎక్కువగా వాటంతటవే తగ్గిపోతాయి. మూర్ఛ ఉన్నవాళ్లు న్యూరాలజిస్టుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. చాలా అధ్యయనాలు దుష్ప్రభావాలను పద్ధతిగా నమోదు చేయలేదు కాబట్టి 'అసలేమీ ఉండవు' అనే ధీమాకు ఆధారం లేదు. అయినా యంత్రం వల్ల జరిగే హాని చిన్నదేనని నేను ఒప్పుకుంటాను. యంత్రాన్ని నమ్ముకుని మానేసిన వాటివల్ల జరిగేదే పెద్దది. ఫిట్స్ మందులు సొంతంగా ఆపేసినవాళ్ల సంగతేమిటి? చచ్చిపోవాలనిపిస్తున్న మనిషి మూడు నెలలు తెర మీద విమానం ఎగరేస్తూ గడిపితే? పెద్దవయసులో మతిమరుపుకు థైరాయిడ్ లోపమో బీ12 లోపమో కారణం కావచ్చు. మామూలు రక్తపరీక్షతో బయటపడే దాన్ని వదిలేసి 'బ్రెయిన్ ట్రైనింగ్'కు వెళ్తే పోయిన కాలం తిరిగి రాదు.

ఆశ ఉన్న చోట్లు లేకపోలేదు. పెద్ద షాక్ తర్వాత వెంటాడే పీటీఎస్‌డీ మీద 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో 24 సెషన్ల తర్వాత మంచి ఫలితం కనిపించింది. కాకపోతే పోల్చింది ఉత్తుత్తి చికిత్సతో కాదు, చికిత్స కోసం వేచి ఉన్నవాళ్లతో. డిప్రెషన్ ఉన్నవాళ్లను ఎమ్మారై యంత్రంలో ఉంచి, మెదడులో భావోద్వేగాలకు కీలకమైన అమిగ్డలా అనే భాగం చురుకుదనాన్ని పెంచే తర్ఫీదు ఇచ్చిన 2017 ప్రయోగం ఇంతకన్నా గట్టిది. అందులో రెండో గుంపుకు మెదడులోని వేరే భాగం మీద తర్ఫీదు ఇచ్చారు, అయినా అమిగ్డలా గుంపే ఎక్కువ బాగుపడింది. కానీ అందులో ఉన్నది 36 మందే. జబ్బు లేనివాళ్లకు 'మెదడు ఆరోగ్యం' కోసం అమ్మే సెషన్ల వెనక ఈ మాత్రం బలం కూడా లేదు.

ఇదంతా విన్నాక కూడా ప్రయత్నించి చూస్తామనే కుటుంబాలు ఉంటాయి, వాళ్లను తప్పుపట్టను. ముందు జబ్బు ఏమిటో డాక్టర్ తేల్చాలి, బ్రెయిన్ మ్యాప్ కాదు. నడుస్తున్న మందులు నడుస్తూనే ఉండాలి. డబ్బు కట్టకముందే, పదో సెషన్‌కు ఏది మారితే కొనసాగిస్తారో, ఏది మారకపోతే ఆపేస్తారో కాగితం మీద రాయించుకోవాలి. స్కూల్లో టీచరుకు ఈ చికిత్స సంగతి చెప్పకుండా, మొదట్లో ఒకసారి, తర్వాత ఒకసారి పిల్లవాడి గురించి అడగండి. ఈ షరతులకు ఒప్పుకోని క్లినిక్ నలభై సెషన్లకూ ముందే డబ్బు కట్టమంటే కట్టకండి.