మా పిన్నికి ప్రోస్టేట్ వచ్చింది

ఆదివారం పేపర్ విప్పగానే జారిపడ్డ కరపత్రాన్ని అప్పుడే చింపి పారేయాల్సింది. టీ తెచ్చుకునేలోపు అది మా పిన్ని చేతికి చిక్కింది. సత్తుపల్లి నుంచి మా ఇంటికి వచ్చి రెండు రోజులైంది, ఆవిడకీ తోచడం లేదు. ‘15 వేల రూపాయల ఫుల్ బాడీ స్కానింగ్ పూర్తిగా ఉచితం. మొదటి 50 మందికి మాత్రమే.’ సూది లేదు, రక్తం తీయరు, పరగడుపున రానక్కర్లేదు. ఊరికే వస్తే నాకొకటి, మా అన్నకొకటి అనే జాతి మనది. బయల్దేరాం.

కాలనీ కమ్యూనిటీ హాల్లో మా టోకెన్ నంబరు 112. యాభై మందికే కదా అంటే, ‘మీ అదృష్టం సార్, ఆఫర్ పొడిగించాం’ అన్నాడు తెల్లకోటు కుర్రాడు. బోర్డు మీద ఆయుర్వేదం, హోమియో, నేచురోపతి మూడూ ఉన్నాయి. ఏదో ఒకటి తగలకపోతుందా!

ఎమ్మారై మిషన్ కోసం గదులకు గదులు కట్టేవాళ్లని చూస్తే జాలేసింది. ఇక్కడ ఒక లాప్‌టాప్, టిఫిన్ డబ్బా అంత పెట్టె, వైరు, దాని చివర స్టీలు కడ్డీ. అంతే. పిన్ని కడ్డీని గుప్పిట్లో బిగించింది. పేరు, వయసు, ఎత్తు, బరువు, ఆడా మగా అన్నీ కుర్రాడు టకటకా కొట్టేశాడు. నిమిషంలో తెర మీద గుండె కొట్టుకుంది, లివర్ గిర్రున తిరిగింది. ప్రింటర్ 38 పేజీలు కక్కింది. పిన్ని పేరు మీద ఇన్ని కాగితాలు పుట్టడం ఆవిడ పెళ్లినాటి పొలం గొడవ తర్వాత ఇదే మొదలు.

డాక్టరు గారు పేజీలు తిప్పుతూ నిట్టూర్చారు. మెడలో స్టెతస్కోపు ఉంది, అది చెవుల దాకా వెళ్లగా చూసినవాళ్లు లేరు. లివర్ 61 శాతమేనట. కిడ్నీ అలిసిపోయిందట.

‘ప్రోస్టేట్ కూడా వాచింది తల్లీ. ఇంకో ఆర్నెల్లు ఆలస్యమైతే మా చేతుల్లో ఉండదు.’

పిన్ని బిక్కమొహం వేసింది. ‘ఒరేయ్, అదెక్కడుంటుందిరా?’

‘నీకు ఉండదు పిన్నీ. మగవాళ్లకే ఉంటుంది.’

డాక్టరు గారు తొణకలేదు. ‘అందుకే సార్, ఆడవాళ్లలో ఇది బయటపడటమే కష్టం.’

ఆర్నెల్ల ప్యాకేజీ 48 వేలు. ఈరోజే కడితే 32 వేలు. ఈఎంఐ ఉంది. రాగి చెంబు ఫ్రీ.

ఆ పెట్టె నిజంగా ఒంట్లోకి తొంగిచూస్తే మా పిన్ని ఆడమనిషని దానికి తెలియదా? కుర్రాడు పొరపాటున ‘మగ’ నొక్కాడు, అది మగరోగం రాసిచ్చింది. స్కానింగ్ ఫ్రీ అని ఎందుకన్నారోగానీ ఫ్రీగా ఇచ్చింది రోగం.

మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప మందు క్యూ చూసి నవ్వుకునేవాణ్ణి. ఆ మందు పనిచేస్తుందని ఇప్పటికీ నమ్మను. కానీ అక్కడ మందు ఫ్రీ అంటే ఫ్రీయే, చేపపిల్లకే డబ్బులు. మర్నాడు ఫోన్ చేసి ‘రెండో చేప ఎప్పుడు మింగుతారు సార్’ అనరు.

మా వెనక 113వ టోకెన్ పెద్దాయనకి పద్నాలుగేళ్లుగా షుగరు. ‘ఇన్సులిన్ విషమండీ, ఇవాళే మానేయండి. మూడు నెలల్లో షుగర్ వేళ్లతో సహా పోతుంది’ అని చెప్పారు. ఆయన బుద్ధిగా తలూపాడు. నాకిక నవ్వు రాలేదు. వేళ్లతో సహా పోయేది షుగర్ కాదు, పోయేవి ఆ ముసలాయన కాలి వేళ్లు! ఆ తర్వాత పాదం. అది కోసేది ఈ తెల్లకోటు వాళ్లు కాదు, ఏ సర్కారు దవాఖానా డాక్టరో. అప్పటికి వీళ్ల బ్యానర్ ఇంకో కాలనీలో వేలాడుతుంటుంది. షుగరు నయం చేసే మందు ఉందని ప్రకటన వేయడమే నేరమని 1954లోనే చట్టం చేశారు. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. అందులో షుగరు, కేన్సర్, పక్షవాతం అన్నీ ఉన్నాయి. మొదటిసారి దొరికితేనే ఆరు నెలల దాకా జైలు వేయొచ్చు. వేసేవాళ్లకి ఆదివారం పేపర్ రాదా? వాళ్ల పేపర్లోంచి కరపత్రాలు జారిపడవా?

మేం డబ్బు కట్టకుండా వచ్చేశాం. నాలుగు రోజులుగా ఫోన్లే ఫోన్లు. నిన్న పిన్నే ఎత్తింది.

‘మేడమ్, ప్రోస్టేట్ ఎలా ఉంది?’

‘మా ఆయనకిచ్చేశానమ్మా. ఫ్రీగా వచ్చిందే కదా.’