నొప్పి పూర్తిగా పోయేదాకా బరువులు ముట్టకూడదా?

బరువులు ఎత్తేవారికి ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా లోపల ఏదో చిరిగినట్టేననీ, స్కానింగ్‌లో కారణం తేలి నొప్పి పూర్తిగా పోయేదాకా జిమ్‌కు వెళ్లకూడదనీ, తప్పనిసరైతే నొప్పి మాత్ర వేసుకుని వెళ్లాలనీ చెప్పే సందేశం వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతోంది. పంపేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు గానీ, మోకాలు కాస్త పట్టేసిందని నడివయసువారు ఈ మాట నమ్మి బరువులు మానేస్తే, ఆ వయసులో అత్యవసరమైన కండబలాన్ని చేజేతులా వదులుకుంటారు.

మొదటిది, నొప్పి అంటే గాయమే అన్న మాట. కొత్త వ్యాయామం చేశాక, ముఖ్యంగా బరువును నెమ్మదిగా కిందికి దించే కదలికల తరువాత, మరునాడు మొదలై రెండు మూడు రోజుల్లో ముదిరి తగ్గిపోయే కండరాల నొప్పి, శరీరం ఆ భారానికి అలవాటుపడే క్రమంలో భాగమే. (దీనికి లాక్టిక్ ఆమ్లాన్ని నిందించడమూ సరికాదు, అది వ్యాయామం ముగిసిన కొద్ది గంటల్లోపే మామూలు స్థాయికి వచ్చేస్తుంది.) నిద్ర చాలకపోయినా, మనసు ఒత్తిడిలో ఉన్నా చిన్న నొప్పి పెద్దదిగా తోస్తుంది.

స్కానింగ్ కారణం చెప్పేస్తుందన్న నమ్మకం మరింత బలమైనది. వెన్నునొప్పి ఏమాత్రం లేని 3,110 మంది స్కాన్‌లపై 2015లో వెలువడిన సమీక్ష ప్రకారం, 20 ఏళ్లవారిలోనే 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి వెన్నుపూసల మధ్య మెత్తలాంటి డిస్కుల్లో అరుగుదల కనిపించింది. కాబట్టి రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ (డిస్క్ ఉబ్బడం) అని ఉన్నంత మాత్రాన మీ నొప్పికి అదే కారణమని తేలినట్టు కాదు.

అన్నింటికంటే నష్టం చేసేది, నొప్పి సున్నాకు వచ్చేదాకా విశ్రాంతి అన్న సలహా. మడమ వెనుక అకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే పట్టీ) నొప్పితో చాలాకాలంగా బాధపడుతున్న 15 మంది చేత స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం 12 వారాలు బరువుతో మడమలు దించే వ్యాయామం చేయించింది. నొప్పి ఉన్నా, అది భరించలేనంతగా లేకపోతే కొనసాగించమంది. 1998లో ప్రచురించిన ఫలితాల్లో, వారందరూ మునుపటి స్థాయిలో పరుగుకు తిరిగి వచ్చారు. అధ్యయనం చిన్నదే గానీ, ఆ తరువాత టెండన్ నొప్పుల చికిత్స సాగిన దారిని అది మార్చింది. కారణం తెలియని చిన్న నొప్పికి నేను సూచించేది ఇది: సున్నా నుంచి పది దాకా కొలిస్తే మూడు మించని నొప్పి, వ్యాయామంతో పెరగకుండా, మరునాటి ఉదయానికి మామూలుకు వస్తే కొనసాగించవచ్చు. మించితే మానేయనక్కర్లేదు, బరువు తగ్గించాలి, లేదా స్క్వాట్‌లో (బరువుతో మోకాళ్లు వంచి కూర్చుని లేవడంలో) నొప్పి మొదలయ్యే లోతుకు కాస్త పైనే ఆగాలి. బల్లమీద పడుకుని బరువు పైకి నెట్టే బెంచ్ ప్రెస్‌కు భుజం మొరాయిస్తే నేలమీద పడుకుని డంబెల్స్‌తో చేయాలి. రెండు మూడు వారాలు ఇలా చేసినా తగ్గకపోతే ఫిజియోథెరపిస్టును కలవాలి.

మాత్ర వేసుకుని బరువులెత్తడం మాత్రం అసలు వద్దు. ఎక్కడ ఆగాలో చెప్పే సంకేతాన్ని అది కప్పేస్తుంది. రోజూ వాడితే కడుపుకూ కిడ్నీలకూ చేటు.

ఆ సందేశంలోని భయం నిజమయ్యే సందర్భాలూ ఉన్నాయి. వ్యాయామంలో ‘టప్’మని శబ్దం వచ్చి వెంటనే వాపు రావడం, కాలో చేయో తిమ్మిరెక్కి పట్టు తప్పడం, జ్వరంతోనో కారణం లేని బరువు తగ్గుదలతోనో కూడిన నొప్పి కనిపిస్తే బరువులు ఆపి వైద్యుణ్ని కలవాలి. మూత్రం ముదురు గోధుమ రంగుకు మారినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, ఛాతీ బరువెక్కి నొప్పి చేతికో దవడకో పాకినా, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.