తెల్లబట్ట: ప్రకృతి వైద్యం చెప్పేదెంత, ప్రకృతి పేరుతో అమ్మేదెంత?

హైదరాబాద్‌లో పెద్ద మెడికల్ షాపుకెళ్తే యోని భాగం కడుక్కోవడానికని అమ్మే ‘ఇంటిమేట్ వాష్’ సీసాల పక్కనే వేప, తులసి, కలబంద పేర్లతో ‘హెర్బల్’ వాష్‌లూ కనిపిస్తాయి. లేబుల్ ఏదైనా రెండూ చెప్పేది ఒకటే: ఆ భాగం మురికిది, రోజూ కడిగితే తప్ప శుభ్రపడదు. ఆకుల బొమ్మ చూసి రెండోదాన్ని ప్రకృతి వైద్యం అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి ప్రకృతి వైద్యానికి అంతకన్నా విరుద్ధమైనది ఇంకోటి లేదు.

శరీరం తనను తాను బాగుచేసుకుంటుంది, మనం అడ్డు తగలకపోతే చాలు అన్నది ఆ వైద్యం మూలసూత్రం. తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. జర్మనీకి చెందిన ప్రకృతి వైద్యుడు లూయీ కూనే పుస్తకం 1894లోనే తెలుగులోకి వచ్చింది. అమీర్‌పేట పక్కన బల్కంపేటలో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం, గాంధీ పేరుతో ప్రకృతి వైద్య కళాశాల ఉన్నాయి. ఈ సూత్రాన్ని ప్రతి జబ్బుకీ అతికించడం నాకు నచ్చదు గానీ, యోని ఆరోగ్యం విషయంలో అది చాలావరకు నిజం.

ఈస్ట్రోజెన్ హార్మోన్ వల్ల యోని గోడల కణాల్లో గ్లైకోజెన్ అనే పిండి పదార్థం చేరుతుంది. దాని ఆధారంగా లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా పెరిగి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. అందుకే నెలసరి వచ్చే వయసులో అక్కడి పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని చెప్పే కొలత) 3.8 నుంచి 4.5 మధ్య, అంటే పులుపు వైపు ఉంటుంది. ఆ పులుపులో చెడ్డ బ్యాక్టీరియా తేలిగ్గా పెరగలేవు. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. లోపలికి సబ్బు నీళ్లో, వేపాకు కషాయమో పంపి కడిగితే ఈ కాపలా చెదిరిపోతుంది. లోపల కడుక్కునే అలవాటున్నవాళ్లలో బ్యాక్టీరియల్ వెజినోసిస్ (మంచి బ్యాక్టీరియా తగ్గి చెడ్డవి పెరిగిపోయే సమస్య) ఎక్కువని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. బయటి భాగానికి మామూలు నీళ్లు చాలు. లోపలికి ఏమీ అక్కర్లేదు, చిట్కా పేరుతో కొందరు పెట్టుకునే వెల్లుల్లి రెబ్బతో సహా.

ప్రకృతి వైద్యం ఇంతవరకు చెప్పి ఆగితే గొడవే లేదు. ఇన్ఫెక్షన్ వచ్చాక కూడా అదే మాట చెప్పడం దగ్గరే చిక్కు. మన ఇళ్లలో తెల్లబట్ట అనగానే ‘వేడి చేసింది’ అంటారు. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు తాగిస్తారు. తాగితే నష్టం లేదు. నెల మధ్యలో, గర్భం సమయంలో తెల్లబట్ట ఎక్కువ కావడం సహజం కూడా. కానీ చేపల వాసనతో పలుచగా అవుతుంటే అది వెజినోసిస్ కావచ్చు. పెరుగు విరిగినట్టు ముద్దలుగా, దురదతో అయితే క్యాండిడా అనే ఫంగస్, పచ్చగా నురగతో అయితే ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. మూడింటికీ ఒకే మందు పనిచేయదు. చూసి చెప్పడం డాక్టర్లకే కష్టం, పీహెచ్ చూసి మైక్రోస్కోపు కింద పెడితేనే తేలుతుంది.

అల్లోపతి వైపు కూడా ఇక్కడ తప్పు లేకపోలేదు. ల్యాబ్ లేని చోట్ల పనికొస్తుందని ప్రభుత్వ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో సెక్నిడజోల్ అనే యాంటీబయాటిక్, ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు కలిపిన ఆకుపచ్చ ప్యాకెట్ పెట్టారు. వీధికో ల్యాబ్ ఉన్న కూకట్‌పల్లిలోనూ పరీక్ష లేకుండా అలాంటి కిట్‌లు చేతిలో పెడితే ఎలా? పైగా అనవసరంగా వాడిన యాంటీబయాటిక్ మంచి బ్యాక్టీరియానూ చంపి, ఫంగస్‌కు దారిస్తుంది.

ఇక పెరుగు. తినండి, మంచిదే. అయితే యోనిని బాగా కాపాడే లాక్టోబాసిల్లస్ క్రిస్పేటస్ మన ఇంటి తోడులో ఉండే రకం కాదు. ఆ క్రిస్పేటస్‌నే నేరుగా యోనిలో పెట్టి చూసిన అమెరికా పరిశోధన 2020లో వచ్చింది. 12 వారాల్లో వెజినోసిస్ తిరగబెట్టింది అది వాడినవాళ్లలో 30 శాతం మందికి, వాడనివాళ్లలో 45 శాతం మందికి. అయితే ముందు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ జెల్ వాడాకే ఆ బ్యాక్టీరియాను ఇచ్చారు. మందు, ప్రకృతి ఒకదాని తర్వాత ఒకటి పనిచేశాయన్నమాట. రెండు శిబిరాలవాళ్లకూ ఈ ఫలితం పూర్తిగా రుచించదు.

ప్రకృతి వైద్యుల అసలు బలం తిండి, బరువు, షుగర్ విషయంలో ఉంది. పదేపదే ఫంగస్ వస్తుంటే ముందు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చూడాలి. అర్ధరాత్రి బిర్యానీ, రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌ల ఊళ్లో ఇది చిన్న మాట కాదు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు చక్కెరను మూత్రంలోంచి బయటికి పంపుతాయి, దానివల్ల అక్కడ ఫంగస్ పెరగొచ్చు. 2020లో పేటెంట్ ముగిశాక ధర తగ్గి వాడకం బాగా పెరిగింది. సొంతంగా ఆపేయకూడదు, రాసిన డాక్టర్‌కు దురద సంగతి చెప్పాలి. సిగ్గుపడి చెప్పనివాళ్లే ఎక్కువ. ప్రకృతి వైద్యులు చెప్పే తొట్టి స్నానం (నడుము దాకా నీళ్లలో కూర్చోవడం) మంటను కాస్త తగ్గిస్తుంది, అంతే. నెలసరి ఆగిపోయాక వచ్చే పొడితనానికి కారణం ఈస్ట్రోజెన్ తగ్గడం, ఉపవాసాలతో అది పోదు. ఆ వయసులో రక్తం కనిపిస్తే ఏ ఆశ్రమానికీ వెళ్లకుండా ఆ వారమే గైనకాలజిస్టును కలవాలి.

కాటన్ లోదుస్తులు వేసుకోండి, నీళ్లు ఎక్కువ తాగండి అనడం తేలికే. టాయిలెట్ లేని బట్టల షాపులో పన్నెండు గంటలు నిలబడే సేల్స్ గర్ల్ మధ్యాహ్నం దాకా నీళ్లు ముట్టదు. ఆ సలహా ఆమెకు కాదు, షాపు యజమానికి ఇవ్వాలి.

భర్త మాటైతే ఎవరూ ఎత్తరు. 2025లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో భార్యతో పాటు భర్తకూ వారం రోజులు మాత్రలు, పూత మందు ఇచ్చారు. 12 వారాల్లో వెజినోసిస్ తిరగబెట్టింది 35 శాతం మందికే. భార్యకు మాత్రమే ఇచ్చిన జంటల్లో అది 63 శాతం. మన దగ్గర పథ్యం ఆమెకే, మందు ఆమెకే, మళ్లీ వస్తే ‘శుభ్రంగా ఉండవా’ అన్న మాటా ఆమెకే. గైనిక్ ఓపీ బయట కుర్చీలో ఫోన్ చూసుకుంటున్న అతన్ని డాక్టర్లు లోపలికి పిలవాలి. మందు రాసే అధికారం లేని ప్రకృతి వైద్యులు ఇద్దరినీ కలిపి గైనకాలజిస్టు దగ్గరికి పంపొచ్చు.