ముప్పు లెక్కలో వారసత్వానికి చోటేది?

ఖాట్మండు నగరానికి ఆ పేరు వచ్చిందే కాష్ఠమండపం అనే పాత కొయ్య మండపం వల్ల అంటారు. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపానికి ఆ మండపం కుప్పకూలింది. అప్పుడు లోపల రక్తదాన శిబిరం జరుగుతోంది. అంత పెద్ద భూకంపానికి పాత కట్టడం ఎలా ఆగుతుందిలే అని చాలామంది సరిపెట్టుకున్నారు. తర్వాత పురావస్తు నిపుణులు అడుగు భాగం తవ్వి చూస్తే తేలింది వేరు. పునాది గట్టిగానే ఉంది. 12వ శతాబ్దపుదని అనుకున్న ఆ పునాది నిజానికి 7వ శతాబ్దం నాటిదని కూడా అప్పుడే తెలిసింది. లోపం స్తంభం దగ్గర ఉంది. మండపం బరువంతా మోసే నాలుగు పెద్ద కొయ్య స్తంభాల కింద నాలుగు రాతి పీటలు ఉండాలి. స్తంభం అడుగున చెక్కిన మొన ఆ పీట గాడిలో దిగి కూర్చోవాలి. నాలుగింట్లో ఒక స్తంభం అలా కూర్చోలేదు. గత శతాబ్దంలో చేసిన మరమ్మతుల్లో ఆ జత తప్పింది. ఆ తర్వాత నేల కింద ఏముందో ఎవరూ చూడలేదు.

వారసత్వ కట్టడాలకు విపత్తు ముప్పును అంచనా వేయడమంటే మా దృష్టిలో మొదట ఇదే: నేల మీద రాయి ఎత్తి, స్తంభం పీట మీద ఉందో లేదో చూడటం. భూకంపం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. స్తంభం సరిగా నిలబడిందో లేదో మాత్రం ఎప్పుడైనా చూడొచ్చు.

ఏ ముప్పు అంచనాలోనైనా మూడు ప్రశ్నలుంటాయి. ఏ ప్రమాదం రావచ్చు? దాని దారిలో ఏమేం ఉన్నాయి? అవి ఎంత బలహీనంగా ఉన్నాయి? చాలా నగరాలు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. వరద మ్యాపు, భూకంప మండలాల మ్యాపు రంగులేసి గోడకు తగిలిస్తే పని అయిపోయిందనుకుంటాయి. వారసత్వం విషయంలో నాలుగో ప్రశ్న కూడా అడగాలి: పోతే మళ్లీ తిరిగి రానిది ఏది? వంతెన కూలితే డబ్బు పెట్టి ఇంకోటి కట్టుకోవచ్చు. చేతిరాత ప్రతి కాలిపోతే ఏ బడ్జెట్టూ దాన్ని తిరిగి తేలేదు. అయినా నష్టాన్ని డబ్బులో కొలిచే లెక్కల్లో వంతెన పెద్ద అంకెగా కనబడుతుంది, చేతిరాత ప్రతి అసలు కనబడదు.

2018 సెప్టెంబర్ 2 రాత్రి రియో డి జనీరోలోని బ్రెజిల్ జాతీయ మ్యూజియం కాలిపోయింది. అక్కడ ఉన్నవి సుమారు 2 కోట్ల వస్తువులు. ఫైర్ ఇంజన్లు వచ్చాయి, సిబ్బంది పైపులు పట్టుకుని హైడ్రాంట్ల (మంటలార్పడానికి వీధిలో పెట్టే నీటి కుళాయిల) దగ్గరికి పరుగెత్తారు. దగ్గర్లో ఉన్న హైడ్రాంట్లలో నీళ్లు లేవు. పక్కనున్న చెరువు నుంచి, ట్యాంకర్ల నుంచి నీళ్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఈలోగా మంట భవనమంతా పాకింది. ఎయిర్ కండిషనర్ దగ్గర మొదలైన విద్యుత్ లోపమే కారణమని తర్వాత దర్యాప్తులో చెప్పారు. మాట్లాడేవాళ్లు ఒక్కరూ మిగలని ఆదివాసీ భాషల రికార్డులు ఆ రాత్రే పోయాయి. ఆ మాటలు మళ్లీ పలకడానికి ఈ భూమ్మీద ఎవరూ లేరు. 11 వేల ఏళ్లకు పైబడిన ‘లూజియా’ అనే మహిళ పుర్రెను మాత్రం బూడిదలో వెదికి, ముక్కలు ముక్కలుగా బయటికి తీశారు. ఆ మ్యూజియానికి నిర్వహణ డబ్బులు చాలడం లేదన్న సంగతి ఏళ్ల తరబడి అందరికీ తెలుసు. ఒక మనిషి హైడ్రాంట్ దగ్గరికి వెళ్లి వాల్వు తిప్పి చూడటానికి పది నిమిషాలు పడుతుంది. ముప్పు అంచనా అనగానే వందల పేజీల నివేదిక గుర్తొస్తుంది గానీ, చాలాచోట్ల ఆ పది నిమిషాల పనే జరగడం లేదు.

పారిస్ విషయం వేరు. 2019 ఏప్రిల్ 15 సాయంత్రం నోటర్‌డామ్ చర్చిలో అలారం సరిగ్గానే మోగింది. ప్యానెల్ చూస్తున్న ఉద్యోగి ఆ పనిలో చేరి మూడు రోజులే అయింది. తెర మీద వచ్చిన సంకేతం అర్థం చేసుకోవడంలో పొరపాటు జరిగి, కాపలాదారు వేరే అటకకు వెళ్లి చూసి, అక్కడేమీ లేదన్నాడు. అసలు మంట ఎక్కడుందో తెలిసేసరికి దాదాపు అరగంట గడిచింది. వందల ఏళ్లనాటి ఓక్ దూలాల అటక అది. అరగంటంటే దానికి చాలా ఎక్కువ. పరికరం కొన్నారు, దాన్ని చదివే మనిషికి శిక్షణ ఇవ్వడం మరిచారు. అదే రాత్రి ఇంకో సంగతి కూడా జరిగింది. లోపల ఏ వస్తువులను ముందుగా బయటికి తేవాలో అగ్నిమాపక దళానికి ముందే తెలుసు. వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటూ క్రీస్తు ధరించాడని నమ్మే ముళ్ల కిరీటం లాంటి అపురూప వస్తువులను కాపాడారు. ఒకే భవనంలో, ఒకే రాత్రి సిద్ధంగా లేకపోవడం, సిద్ధంగా ఉండటం రెండూ కనబడ్డాయి. పైకప్పు కాలింది. లోపలి నిధి చాలావరకు దక్కింది. 2024 డిసెంబర్‌లో చర్చి తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. పాత కట్టడానికి అన్నిటికంటే ప్రమాదకరమైన కాలం దాన్ని బాగు చేస్తున్న కాలమే. నోటర్‌డామ్‌లో అప్పుడు మరమ్మతులు సాగుతున్నాయి. 2024 ఏప్రిల్‌లో కోపెన్‌హాగెన్‌లోని పాత స్టాక్ ఎక్స్ఛేంజి భవనం కాలినప్పుడు కూడా అంతే. గ్లాస్గో ఆర్ట్ స్కూల్ అయితే 2014లో ఒకసారి కాలి, బాగుచేస్తుండగా 2018లో మళ్లీ కాలింది. పరంజా కట్టారంటే వెల్డింగ్ ఉంటుంది, తాత్కాలిక వైరింగ్ ఉంటుంది, రంగులు, సాల్వెంట్లు, రంపపు పొట్టు ఉంటాయి. సాయంత్రమయ్యేసరికి పనివాళ్లు వెళ్లిపోతారు. నిప్పు పని ముగిశాక కనీసం కొన్ని గంటలపాటు ఒక మనిషి అక్కడే ఉండి కనిపెట్టుకోవాలన్న షరతును కాంట్రాక్టులో రాయాలి. మరమ్మతుకు అనుమతి ఇచ్చే కాగితం మీదే అగ్నిమాపక శాఖ సంతకం కూడా ఉండాలి. ఇందులో బేరం పనికిరాదు.

నీటి సంగతికి వస్తే 1966 నవంబర్ 4 ఒక్కటి చాలు. ఆర్నో నది ఫ్లారెన్స్ నగరంలోకి వచ్చినప్పుడు జాతీయ గ్రంథాలయంలో పది లక్షలకు పైగా పుస్తకాలు, పత్రాలు బురదలో మునిగాయి. వాటిలో చాలావాటిని పెట్టింది నది పక్కన, నేలమాళిగలో. దేశదేశాల నుంచి వచ్చిన యువతీయువకులు బురదలోంచి ఒక్కో పుస్తకాన్ని చేతుల మీదుగా పైకి చేర్చారు. ఆ త్యాగానికి నమస్కారం పెడుతూనే అడుగుతున్నాం: ఈరోజుకీ ఎన్ని రికార్డు రూములు నేలమాళిగల్లో ఉన్నాయి?

నగరాల గురించి మాట్లాడేటప్పుడు వారసత్వాన్ని కాపాడాల్సిన బరువుగానే చూస్తారు. అది సగం నిజమే. అది మనల్ని కాపాడుతుంది కూడా. 2005 కశ్మీర్ భూకంపంలో కొయ్య చట్రంలో రాళ్లు, మట్టి నింపి కట్టే ధజ్జీ దేవారీ ఇళ్లు కొత్త కట్టడాలు చాలా కూలినచోట నిలబడ్డాయి. 1755 భూకంపం తర్వాత లిస్బన్‌ను తిరిగి కట్టినవాళ్లు భూకంపాన్ని తట్టుకునేలా గోడల లోపల కొయ్య పంజరం అమర్చారు. ఖాట్మండు లోయలో జనం ఇళ్లు వదిలి పరుగెత్తింది పాత చౌరస్తాల్లోకి, గుడి ముంగిళ్లలోకి. కుళాయిలు ఎండిపోతే ఊట నీరు పడే పాత రాతి ధారలు నీళ్లిచ్చాయి. ఆ ముంగిళ్లలో పార్కింగులు కట్టి, ఆ ధారల ఊటలను పునాదుల కింద పూడ్చేస్తే నగరం తన తట్టుకునే శక్తిని తానే తగ్గించుకున్నట్టు. అయితే పాతదంతా గట్టిదని భ్రమపడటమూ తప్పే. 2003 డిసెంబర్ 26న ఇరాన్‌లోని బామ్‌లో మట్టి ఇటుకల కోట, దాని చుట్టూ నగరం కూలి 26 వేల మందికి పైగా చనిపోయారు. ఏ గోడ నిలుస్తుందో, ఏ గోడ చంపుతుందో కట్టడం కట్టడం దగ్గరికీ వెళ్లి చూసి చెప్పాల్సిందే.

ఈ పని ఓపిగ్గా చేస్తున్నవాళ్లూ ఉన్నారు. 1949 జనవరి 26న జపాన్‌లోని హోర్యూజీ ఆలయంలో ప్రాచీన కుడ్యచిత్రాలు కాలిపోయాయి. మరుసటి ఏడే ఆ దేశం సాంస్కృతిక సంపద రక్షణ చట్టం తెచ్చింది. 1955 నుంచి జనవరి 26ను అగ్నిప్రమాద నివారణ దినంగా పాటిస్తూ ఆలయాల దగ్గర డ్రిల్స్ చేస్తోంది. షిరకావాగో అనే ఊళ్లో గడ్డి కప్పుల ఇళ్ల మధ్య ఏటా ఒకరోజు నీటి ఫిరంగులన్నీ ఒకేసారి విప్పి పరీక్షిస్తారు. నీరు కొండవాలు మీది ట్యాంకు నుంచి దిగుతుంది కాబట్టి కరెంటు పోయినా ఆగదు. వాల్వు తిప్పేది ఊరివాళ్లే. అలాంటి దేశంలోనూ 2019 అక్టోబర్‌లో ఒకినావాలోని షూరి కోట ప్రధాన మందిరం కాలిపోయింది, అందులో మంట రాగానే వాటంతటవే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు.

విపత్తు ముప్పును తగ్గించడానికి 2015లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్న సెండాయ్ ప్రణాళిక అమలును కొలిచేందుకు, సాంస్కృతిక వారసత్వానికి జరిగే నష్టాన్ని కూడా లెక్కించాలని ఒక సూచిక పెట్టారు. మంచిదే. కానీ అది పోయినదాని లెక్క. ఉన్నదాని లెక్క నగరపాలక సంస్థ దగ్గర ఉండాలి. ఇప్పుడు పురావస్తు శాఖ జాబితా ఒకచోట, అగ్నిమాపక శాఖ మ్యాపు ఒకచోట, విపత్తు ప్రణాళిక మూడోచోట ఉంటున్నాయి. ఈ మూడింటినీ ఒకే టేబుల్ మీద పరిచే అధికారం, బాధ్యత ఒక అధికారికి పేరుపెట్టి ఇవ్వాలని కోరుతున్నాం. జాబితాలో రక్షిత కట్టడాలే కాదు, వాడుకలో ఉన్న పాత వీధులు, గుళ్లు, మసీదులు, చర్చీలు, చిన్న గ్రంథాలయాలు కూడా చేరాలి.

విపత్తు వచ్చిన మొదటి వారం గురించి కూడా ఆ ప్రణాళికలో రాయాలి. శిథిలాల్లో మనుషుల్ని వెదకడమే మొదటి పని, అందులో రెండో మాట లేదు. ఆ తర్వాత వచ్చే బుల్డోజరుకు చెక్కిన దూలానికీ చెత్తకూ తేడా తెలియదు. ఏ కుప్పను ఎత్తకూడదో, తీసిన చెక్కకు నంబరు ఎవరు వేయాలో, వర్షం తగలకుండా ఎక్కడ దాచాలో ముందే తేల్చి పెట్టాలి. ఇక కట్టడం దగ్గర రాత్రి కాపలా ఉండే మనిషి. అతనికి మంట కనబడితే ఎవరికి ఫోన్ చేయాలి? ఆ నంబరు గోడ మీద రాసి ఉందా, ఆ ఫోన్ ఎత్తేవాళ్లు ఉన్నారా, లోపలి గది తాళం చెవి ఎవరి దగ్గరుంది? ఈ వారంలోనే ఎవరైనా వెళ్లి అడిగి రావచ్చు.