శనిగారి ఖాతాలో రాయండి

మనసు స్వేచ్ఛగా ఉండాలంటే మన జీవితానికి మనమే బాధ్యత తీసుకోవాలని ఈమధ్య ప్రతివాడూ చెబుతున్నాడు. మొన్న మా ఆఫీసులోనూ ఒకాయన మైకు పట్టుకుని రెండు గంటలు అదే చెప్పి, భోంచేసి వెళ్లాడు. పాపం ఆయనది ఏ రాశో! నాది మీనం. దృక్ పంచాంగం లెక్కన 2025 మార్చి 29న శని మా రాశిలో అడుగుపెట్టాడు. ఆనాటి నుంచి నా అంత స్వేచ్ఛాజీవి మా వీధిలో లేడు.

లెక్క చూడండి. సూర్యుణ్ణి ఒకసారి చుట్టిరావడానికి శనికి దాదాపు 29.5 ఏళ్లు పడుతుంది. అంటే రాశికి సుమారు రెండున్నరేళ్లు. మన ముందు రాశి, మన రాశి, తర్వాతి రాశి కలిపితే ఏడున్నర, అదే ఏలినాటి శని. ఈ ఏడున్నరేళ్లూ నేను చేసే పనులకీ నాకూ సంబంధం లేదు. ఇంత పొడుగాటి ముందస్తు బెయిలు ఏ హైకోర్టు ఇస్తుంది?

కరెంటు బిల్లు గడువు దాటింది. "రెండుసార్లు గుర్తుచేశాను కదండీ" అంది మా ఆవిడ. జన్మశని నడుస్తున్నవాడికి గుర్తుచేయడం ఎంత అమానుషమో వివరించాను. ఆమె మారు మాట్లాడలేదు. నా వాదన ఒప్పుకుందో, నన్నే వదిలేసుకుందో తెలీదు. ఏదైతేనేం, ఇల్లు ప్రశాంతం.

శని చూడలేని చిల్లర పనులకు రాహువున్నాడు. సోమవారం రాహుకాలం పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది. సరిగ్గా నేను ఆఫీసుకు బయల్దేరాల్సిన వేళ! మంగళవారం మూడు నుంచి నాలుగున్నర, మా మేనేజరు లెక్కలడిగే వేళ. పెద్దల ముందుచూపుకు చేతులెత్తి మొక్కాలి. ఖగోళ శాస్త్రం అడిగితే రాహువు గ్రహమే కాదంటుంది, చంద్రుడి దారీ సూర్యుడి దారీ దాటుకునే చోటు మాత్రమేనట. మరీ మంచిది. లేనివాడి మీద నెట్టేస్తే ఎదురు సంజాయిషీ అడగడు.

రెండేళ్ల కిందట నాకు ప్రమోషన్ వచ్చింది. అప్పుడూ ఏలినాటి శనే నడుస్తోంది. కానీ అది పూర్తిగా నా ప్రతిభ. దయచేసి రెండూ కలపొద్దు.

చిక్కల్లా మావాడితోనే. తొమ్మిదో తరగతి. "నాన్నా, శని సాంద్రత నీళ్లకన్నా తక్కువట. అంత పెద్ద తొట్టి దొరికితే తేలుతుందట. తేలేది నిన్నెలా ముంచింది?" అన్నాడు. పైగా అది దగ్గరికొచ్చినప్పుడు కూడా సుమారు 120 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుందట. అక్కణ్ణుంచి రాత్రి పదకొండింటికి మన ఫ్రిజ్ తలుపు ఎలా తీస్తోందని అనుమానం. డాక్టరు తీపి మానెయ్యమన్న సంగతి వీడికెవరు చెప్పారో! తలుపు తీసేది నా చెయ్యే, కాదనను. తీయించేదెవరన్నది పెద్దవాళ్ల విషయం. మా అత్తగారేమో పక్కగదిలోంచి "ఆడలేక మద్దెల ఓడు" అని గొణుగుతుంది. ఆ సామెత పుట్టినప్పుడు మద్దెలను ఎవరైనా పరీక్షించారా అని నేనడుగుతున్నాను.

అయినా నా ప్రయత్నలోపం ఏమీ లేదు. శని త్రయోదశికి కోనసీమ వెళ్లి, మందపల్లిలో తైలాభిషేకం చేయించాను. క్యూలో నా ముందు ఒక పెద్దాయన, నాలుగేళ్లుగా వస్తున్నాడట. "ఏమైనా మార్పు కనిపించిందా బాబాయ్?" అని అడిగాను. "నాలోనా? నేనెందుకు మారాలయ్యా, మారాల్సింది ఆయన కదా!" అన్నాడు. కాళ్లకు దండం పెట్టాలనిపించింది గానీ, చేతిలో నువ్వుల నూనె ఉంది.

ఇప్పుడు నా దిగులంతా 2030 గురించే. అప్పటికి శని మేషం దాటి వృషభంలోకి వెళ్తాడు. మా రాశికి మూడో ఇల్లు, చాలా మంచిదట. ఆ తర్వాత మిథునంలో, అంటే నాలుగో ఇంట్లో, చెడ్డపేరున్న అర్ధాష్టమ శని ఎలాగూ ఆదుకుంటాడు. ఈలోపు ఆ రెండున్నరేళ్లు మాత్రం నాకెవరూ దిక్కులేరు. బిల్లు నాదే, ఫ్రిజ్ నాదే, చెయ్యీ నాదే.

నిన్ననే వాస్తు చూసే ఆయన్ని పిలిపించాను. టేపు పట్టుకుని ఇల్లంతా తిరిగి "అంతా శాస్త్రప్రకారమే ఉందండీ" అన్నాడు. ఇంకొంచెం జాగ్రత్తగా చూడమని, ముఖ్యంగా ఈశాన్యం మూల చూడమని బతిమాలుతున్నాను.